అడిగి తీసుకున్న ముఖం

పదిహేడేళ్లు నా బీరువాలో ఒక నెగెటివ్ ఉంది. నాకు పేరు తెచ్చిన ఫొటో అది. ఒక పెద్దాయన కంట్లో నీళ్లు నిండి, ఇంకా జారకుండా కింది రెప్ప మీద ఆగిన క్షణం. పత్రిక వాళ్లు కవర్ మీద వేశారు. "ఎలా పట్టావయ్యా ఆ క్షణాన్ని!" అని అడగనివాళ్లు లేరు. ఎలా పట్టానో మాత్రం చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. పేరున్నవాళ్ల ముఖాలు తీయడం గురించి ఈ ముప్పై రెండేళ్లలో నేర్చుకున్నదంతా ఆ ఒక్క ఫొటో చుట్టూనే తిరుగుతోంది కాబట్టి ఇప్పుడు చెబుతాను.

మా మేనమామకి తెనాలిలో స్టూడియో ఉండేది. పదో తరగతి సెలవుల్లో నన్ను టచింగ్ డెస్కు ముందు కూర్చోబెట్టాడు. ఏటవాలుగా ఒక చెక్క, దాని మధ్యలో పాలగాజు, కింద అద్దం. కిటికీలోంచి వచ్చే వెలుతురు అద్దం మీద పడి గాజులోంచి పైకి వస్తుంది. గాజు మీద నెగెటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్క చుక్కగా దిద్దాలి. ప్రింటులో నల్లగా కనపడే ముడత నెగెటివ్‌లో తెల్లటి గీతలా ఉంటుంది. దాన్ని పెన్సిలుతో పూడిస్తే ప్రింటులో ముడత పోతుంది. నేను మొదట దిద్దింది ఒక రైసుమిల్లు యజమాని ముఖం. రెండు గంటలు కూర్చుని కోడిగుడ్డులా నున్నగా చేశాను. మామయ్య ప్రింటు వెలుతురులోకి పట్టుకుని చూసి, "ఇంటికి తీసుకెళితే వాళ్లావిడ గుర్తుపట్టాలి కదరా" అన్నాడు. నెగెటివ్ మీద నేను పెట్టిన పెన్సిలంతా తుడిచేసి, కళ్ల కింద మాత్రం నాలుగు చుక్కలు పెట్టి ఇచ్చాడు. "నిద్ర లేక వచ్చిన నలుపు తీసెయ్యి. వయసుతో వచ్చింది ముట్టుకోకు. అది ఆయన సంపాదించుకున్నది."

నా చేతికి వచ్చిన మొదటి కెమెరా కూడా మామయ్యదే, యాషికా మాట్. పైనుంచి తల వంచి చూసే కెమెరా అది. ఎదుటివాళ్ల కళ్లలోకి గురిపెట్టినట్టు ఉండదు, వాళ్ల ముందు తల దించుకుని నిలబడినట్టు ఉంటుంది. రోలుకి పన్నెండు ఫొటోలే వస్తాయి. పన్నెండు అయిపోతే రోలు మార్చాలి, ఆ రెండు నిమిషాలూ ఏదో ఒకటి మాట్లాడాలి. మనుషులతో మాట్లాడటం నాకు ఆ రోలు మార్చడంలోనే అలవాటైంది.

1993లో హైదరాబాద్ వచ్చాను. వారపత్రికలకీ ఆదివారం అనుబంధాలకీ ఫొటోలు తీసేవాణ్ణి. నటులు, గాయకులు, రచయితలు, మంత్రులు, క్రికెట్ ఆడేవాళ్లు, డాక్టర్లు. కొన్నాళ్లకే ఒక సంగతి అర్థమైంది. పేరున్న ప్రతి మనిషికీ కెమెరా కోసం విడిగా ఒక ముఖం ఉంటుంది. సినిమా నటులకి తమ ముఖంలో ఏ పక్క బాగుంటుందో తెలుసు. నువ్వు ఎటు నిలబడ్డా మెల్లగా ఆ పక్కే నీవైపు తిప్పుతారు. రాజకీయ నాయకుల చేతులు లెన్సు మూత తీసిన చప్పుడికే నమస్కారంలోకి వెళ్లిపోతాయి. రచయితలు గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటారు. సంగీత విద్వాంసులు కళ్లు మూసుకుంటారు. అప్పట్లో నాకు ఈ ముఖాలంటే చిరాకు. అది ముసుగని, దాన్ని లాగేస్తే కింద అసలు మనిషి దొరుకుతాడని, ఆ లాగడమే మా పనితనమని గట్టిగా నమ్మేవాణ్ణి.

1999లో ఒక పద్యనాటక నటుడి మీద పత్రిక ప్రత్యేక వ్యాసం వేస్తూ నన్ను పంపింది. అప్పటికి ఆయనకి అరవై తొమ్మిదేళ్లు. కృష్ణుడి వేషానికి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆయన్ని మించినవాళ్లు లేరనేవారు. ఆయన పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్లతో తెల్లారిపోయేదని మా తాతగారు చెప్పగా విన్నాను. నేను వెళ్లేసరికి ఉతికిన పంచె, పట్టు కండువాతో వసారాలో సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. మెడ నిటారుగా, కళ్లు కొంచెం పైకి. కొలువుకూటంలో అడుగుపెట్టిన కృష్ణుడి చూపు. తొమ్మిది ఫొటోలు తీశాను. తొమ్మిదిట్లోనూ అదే చూపు.

ఆయన భార్య పోయి మూడు నెలలైందని దారిలో రిక్షావాడు చెప్పాడు. ఆయన ఆ మాట ఎత్తలేదు. నేను పదో ఫ్రేముకి ఫిల్ము తిప్పాను. ఎడమ కన్ను మీద ఫోకస్ పెట్టాను. వెలుతురు కొలిచే మీటరు మళ్లీ చూసుకున్నాను. వేలు షట్టరు మీద పెట్టుకుని, మామూలుగా అడిగినట్టు అడిగాను: "బాబాయిగారూ, పిన్నిగారు ఉంటే ఈ ఫొటో చూసి ఏమనేవారంటారు?"

ఏం జరుగుతుందో నాకు తెలుసు. ముందే ఫోకస్ పెట్టుకున్నది అందుకే. నొక్కాను. ఆయన ఏమీ అనలేదు. కండువా అంచుతో కళ్లు ఒత్తుకుని, "అయిందా నాయనా?" అన్నాడు. లోపలికి కేకేసి నాకు మజ్జిగ తెప్పించాడు. కవర్ వచ్చాక ఒక ప్రతి పట్టుకుని నేనే వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, పత్రికని మంచం మీద బోర్లా పెట్టి, "మీ అమ్మగారికి ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగాడు. అంతే. తిట్టి ఉంటే ఏదో ఒకటి చెప్పుకుని సమర్థించుకునేవాణ్ణి. ఆ బోర్లా పడ్డ పత్రికకి ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు.

మా వృత్తిలో ఈ పనిని గొప్పగా చెప్పుకుంటారు. అందరికీ తెలిసిన కథ కెనడా ఫొటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్‌ది. 1941 డిసెంబరు 30న చర్చిల్ ఒట్టావాలో కెనడా పార్లమెంటులో మాట్లాడాడు. ఉపన్యాసం అయ్యాక స్పీకర్ గదిలో కార్ష్ లైట్లు పెట్టుకుని కాచుకున్నాడు. ఫొటో సంగతి చర్చిల్‌కి ఎవరూ ముందు చెప్పలేదు. ఆయన విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. నోట్లో చుట్ట అలాగే ఉంది. కార్ష్ యాష్‌ట్రే చాపినా తీయలేదు. కార్ష్ వెలుతురు సరిచూసుకుని, దగ్గరికి వచ్చి, "క్షమించండి సార్" అని నోట్లోంచి చుట్ట లాగేశాడు. వెనక్కి కెమెరా దగ్గరికి చేరేసరికి చర్చిల్ మింగేసేలా చూస్తున్నాడు. అదే ఫొటో. యుద్ధంలో బ్రిటన్ మొండిపట్టుకి గుర్తుగా లోకమంతా తిరిగింది. 2016లో వచ్చిన ఐదు పౌండ్ల నోటు మీద ఉన్నది కూడా ఆ ముఖమే.

చాలామంది చెప్పని ముక్క ఒకటుంది. మరుక్షణమే చర్చిల్ నవ్వి ఇంకోటి తీసుకోమన్నాడు. ఆ రెండో ఫొటో కూడా ఉంది, అందులో హాయిగా నవ్వుతున్నాడు. ఆ రోజు ఆ గదిలో రెండు ముఖాలు దొరికాయి, లోకం తనకి కావలసినదాన్ని ఏరుకుంది. హిట్లర్‌ని ఎదిరించే కోపమని మనం చదువుకున్నది చుట్ట పోయిన కోపం. అలాంటప్పుడు లాగేస్తే అసలు మనిషి బయటపడ్డాడని ఎలా అంటాం? లాగినందుకు వచ్చిన ముఖం అది. మనం చేసిన పనికి వాళ్ల జవాబు.

రిచర్డ్ అవెడాన్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1957లో విండ్సర్ డ్యూక్ దంపతుల్ని తీశాడు. ప్రేమ కోసం ఇంగ్లండ్ సింహాసనం వదులుకున్న ఎనిమిదో ఎడ్వర్డ్, ఆయన భార్య. ఇద్దరూ కెమెరా ముందు నవ్వు ముఖం పెట్టడంలో ఆరితేరినవాళ్లు. వాళ్లకి కుక్కలంటే ప్రాణమని అవెడాన్‌కి తెలుసు. తను వస్తున్న టాక్సీ కింద ఒక కుక్క పడిందని అబద్ధం చెప్పాడు. ఇద్దరి ముఖాలూ వాడిపోయాయి. నొక్కాడు. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఫొటోలో ఇద్దరు అలసిన, దిగులుపడ్డ మనుషులు కనిపిస్తారు. రాజ్యం పోగొట్టుకున్న విషాదమని దాని మీద పేజీలకి పేజీలు రాశారు. నాకు మాత్రం చచ్చిపోని ఒక కుక్క కోసం బాధపడుతున్న భార్యాభర్తలు కనిపిస్తారు. వాళ్ల ముఖాల్లో నాకు కనిపించేది జాలి. ఆ జాలిని వాడుకున్నారు. 1999లో నేను చేసింది సరిగ్గా ఇదే. తేడా ఒక్కటే, నేను అబద్ధం చెప్పలేదు. నిజాన్నే వాడుకున్నాను. అది ఇంకా తప్పు.

ఇక్కడ మార్గరెట్ బూర్క్-వైట్ గురించి చెప్పాలి, ఎందుకంటే నా మనసు మార్చిన కథ ఆమెదే. 1946లో లైఫ్ పత్రిక తరఫున గాంధీజీని తీయడానికి పుణె వెళ్లింది. నీకు రాట్నం తిప్పడం వచ్చా అని అక్కడ కార్యదర్శి అడిగాడు. రాదంది. అయితే ముందు నేర్చుకో అన్నాడు. ఆమె ప్రపంచమంతా పేరున్న ఫొటోగ్రాఫర్, తొందరలో ఉంది, అయినా కూర్చుని నేర్చుకుంది. తర్వాత కూడా షరతులే. ఆ రోజు ఆయనకి మౌనం, పలకరించకూడదు. ఆ వెలుతురు ఆయనకి పడదు కాబట్టి ఫ్లాష్ బల్బులు మూడే. మొదటి రెండూ వృథా అయ్యాయి. మూడోది వెలిగింది. రాట్నం ముందు వైపు, వెనక కిందికి చూస్తూ కాగితాలు చదువుకుంటున్న గాంధీజీ, కిటికీలోంచి వెలుతురు. మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఫొటో.

ఆ రాట్నం ఫొటోలో అంత పెద్దగా ఎందుకుందో ఒకసారి ఆలోచించండి. ఫొటోలో దానిదే ముందు చోటు, మనిషి దాని వెనకే. అంతకుముందు వేళ్ల మధ్య దారం పదే పదే తెగినవాళ్లకే అది అలా కనపడుతుంది. ముసుగు లాగాల్సిన అవసరమే ఆమెకి రాలేదు.

"ఇప్పటి స్టార్ల మేనేజర్లూ షరతులే కదా పెడుతున్నారు, వాటి మీద నీకెందుకు కోపం?" అని ఒక కుర్ర ఫొటోగ్రాఫర్ నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్న. రాట్నం నేర్చుకోమన్న షరతు ఆమెని ఆ మనిషి దగ్గరికి తీసుకెళ్లింది. ఇప్పటి షరతులు దూరంగా నిలబెట్టడానికి పెట్టేవి. పదిహేను నిమిషాలు, నాలుగు డ్రెస్సులు, గదిలో పదకొండు మంది, తీసిన ప్రతి ఫ్రేమూ వాళ్ల టీమ్ చూడాలి, ఎంచాలి, చర్మం నున్నగా చేసి వాళ్లే పంపాలి. యాభై ఎనిమిదేళ్ల నటుడి కంటి చివరి గీతలన్నీ తీసేసిన ఫొటో నా పేరుతో అచ్చయినప్పుడు మా మామయ్య గుర్తొచ్చాడు. పదిహేను నిమిషాలే ఇస్తే ఫొటోగ్రాఫర్‌కి రెండే దారులు. ఇచ్చిన ముసుగు తీసుకోవడం, లేదంటే ఏదో ఒక మాట అని లాక్కోవడం. మూడో దారికి టైమ్ కావాలి. నిమాయ్ ఘోష్ సత్యజిత్ రాయ్‌ని దాదాపు పాతికేళ్లు తీశాడు. ఆ ఫొటోల్లో రాయ్ కెమెరా ఉందన్న సంగతే మర్చిపోయినట్టు ఉంటాడు. ఆ మరుపు ఒక్క రోజులో రాదు.

ముసుగు లాక్కోకుండా ఫొటో తీయడానికి మన హైదరాబాదులోనే మంచి ఉదాహరణ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేసి ఇక్కడికొచ్చాడు. రాజా బిరుదు ఇచ్చింది నిజామే. ఆయన తీసిన వైస్రాయిలు, వేటలు, దర్బారుల గురించి అందరూ రాస్తారు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది 1892లో ఆయన పరదా స్త్రీల కోసం పెట్టించిన జనానా స్టూడియో. చుట్టూ ఎత్తైన గోడలు, లోపలికి మగవాళ్లకి ప్రవేశం లేదు, ఫొటోలు తీసేది ఒక ఇంగ్లిషు మహిళ. అప్పటికే దేశమంతా పేరున్నవాడు. తలుచుకుంటే ఎవరో ఒకరి ద్వారా లోపలికి వెళ్లగలిగేవాడేమో. ఆ ముఖాలు తనకి కనపడకూడదన్న సంగతిని ఒప్పుకుని, వాటిని తీయగలిగినవాళ్లకి కెమెరా అప్పగించాడు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,800కి పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

హోమాయ్ వ్యారావాలా కూడా ఇలాంటి మనిషే. దేశంలో మొదటి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్. నెహ్రూని ఆమె తీసినట్టు తీసినవాళ్లు తక్కువ. 1970లో, పని బాగా సాగుతుండగానే, కెమెరా పక్కన పెట్టేసింది. కొత్తగా వచ్చిన ఫొటోగ్రాఫర్ల ప్రవర్తన, తోపులాట చూడలేకపోయానని తర్వాత చెప్పింది. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చేదాకా చాలామందికి ఆమె పేరే తెలియదు. అలా వదిలేయగలిగినందుకు నాకు ఆమె మీద ఎంతో గౌరవం. నేనైతే వదిలేయలేను.

నా వాదనకి అడ్డుపడే ఫొటో ఒకటుంది. దాన్ని దాచిపెడితే అన్యాయం. 1963లో ఆర్నాల్డ్ న్యూమన్ జర్మనీలో ఎసెన్ వెళ్లి ఆల్‌ఫ్రీడ్ క్రుప్‌ని తీశాడు. యుద్ధకాలంలో ఖైదీల చేత వెట్టి చేయించుకున్నందుకు న్యూరెంబర్గ్‌లో శిక్ష పడి, 1951లోనే బయటికి వచ్చేసిన ఆయుధాల వ్యాపారి. న్యూమన్ యూదుడు. క్రుప్‌ని అతని ఫ్యాక్టరీలోనే కూర్చోబెట్టి, కొంచెం ముందుకు వంగమని, రెండు పక్కల నుంచీ లైటు కొట్టి తీశాడు. ఫొటోలో క్రుప్ రాక్షసుడిలా ఉంటాడు. కూర్చున్నవాడికి అది ముందు తెలియదు. మరి ఇది మోసం కాదా?

మోసమే. అయినా న్యూమన్‌ని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. చాలా ఏళ్లు ఆలోచించి ఇక్కడికి వచ్చాను: ఎదుటివాడికి మన ముందు తనని కాచుకునే బలం ఎంత ఉంది, ఆ బలంతో వాడు ఇతరులని ఏం చేశాడు అన్నది చూడాలి. క్రుప్‌కి ఫ్యాక్టరీలున్నాయి, లాయర్లున్నారు, శిక్ష తప్పించుకోగలిగిన డబ్బుంది. వసారాలో కూర్చున్న నా పద్యనాటక నటుడికి ఉన్నది ఒక పట్టు కండువా, కొంచెం పైకెత్తిన ఆ చూపు. నేను లాగింది దాన్ని. పేరున్నవాళ్లందరూ బలవంతులే అనుకోవడం మా వృత్తి చేసే పెద్ద పొరపాటు. పేరు వేరు, బలం వేరు. చాలామంది కళాకారులకి పేరొక్కటే ఉంటుంది.

2006లో ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లాను. పత్రిక పంపలేదు, నేనే వెళ్లాను. గుర్తుపట్టాడు. "ఫొటో తీయడానికి రాలేదండి" అన్నాను. "మరి ఆ పెట్టె ఎందుకు మోసుకొచ్చావు?" అన్నాడు. మూడు రాత్రులు వాళ్ల నాటక సమాజంతో పాటు టాటా సుమోలో తిరిగాను, పక్కన హార్మోనియం పెట్టె, ఒళ్లో కిరీటాల సంచి. మొదటి రాత్రి ఆయన నాకు కిరీటం కట్టడం నేర్పాడు. బిగిస్తే తలనొప్పి, వదులైతే పద్యం మధ్యలో జారుతుంది. తాడుకీ తలకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. రెండో రాత్రి నేనే కట్టాను. డెబ్బై ఆరేళ్ల మనిషి రాత్రి రెండున్నరకి వేదిక ఎక్కి, రాగం తీసి ఊపిరి అందక ఒక్క క్షణం ఆగితే, హార్మోనిస్టు ఆ ఖాళీని హార్మోనియం మెట్ల మీద వాయించి నింపేశాడు. జనానికి తెలియలేదు. తెర పక్కన నిలబడ్డ నాకు తెలిసింది. కెమెరా సంచిలోనే ఉంది.

మూడో రాత్రి నాటకం అయ్యాక పాక వెనక బల్బు కింద కూర్చుని రంగు తీసుకుంటున్నాడు. అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని ముఖమంతా రుద్దుకుని, పాత బనీను గుడ్డతో తుడుచుకుంటున్నాడు. నీలం, పసుపు, కాటుక అన్నీ కలిసి గుడ్డ మీదకి బురదలా వచ్చాయి. ముఖం నూనెతో మెరుస్తోంది. చెవి మడతలో మాత్రం ఇంకా కొంచెం నీలం మిగిలి ఉంది, అద్దంలో అది కనపడదు. చెబుదామా అనుకుంటుండగా, నావైపు తిరిగి, "ఇప్పుడు తీసుకో నాయనా" అన్నాడు.

యాషికా తీసి తల వంచాను. ఒక్కటే తీశాను. మెడ నిటారుగా లేదు, చూపు పైకి లేదు. నవ్వడం లేదు, ఏడవడం లేదు. అలసిపోయిన మనిషి, పని బాగా చేశానని తెలిసిన మనిషి. ప్రింటు వేసి తీసుకెళితే చాలాసేపు చూసి, "చెవి దగ్గర రంగు ఉండిపోయిందేం, చెప్పొద్దూ?" అన్నాడు. ఆ ఫొటోని వసారా గోడకి పెట్టించుకున్నాడు. ఏ పత్రికా దాన్ని కవర్ మీద వేయలేదు.

అప్పటి నుంచి నాకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొదటి అరగంట కెమెరా సంచిలోంచి బయటికి రాదు. తీసినవన్నీ వాళ్లకి చూపిస్తాను. ఒక ఫ్రేము వద్దంటే వద్దు, కారణం అడగను. ముడతలు చెరపమంటే మాత్రం చెరపను, ఆ ఫొటో ఇంకొకళ్ల చేత తీయించుకోమంటాను. దీనివల్ల పోయిన పని ఎక్కువే. అరగంటంటేనే చాలామంది మేనేజర్లు ఫోన్ పెట్టేస్తారు. కానీ ఆ అరగంట ఇచ్చిన వాళ్లలో ఒక పెద్ద గాయని ఉంది. అరగంటా వంటింట్లో బెండకాయలు తరుగుతూ కూర్చుంది, నేనూ కత్తిపీట దగ్గర కూర్చుని తొడిమలు తీశాను. ఆ ఫొటోలో ఆమె కళ్లు మూసుకుని లేదు.

ఆయన 2016లో పోయాడు. పేపర్ల వాళ్లు వరసగా ఫోన్లు చేశారు. అందరికీ ఆ కన్నీళ్ల ఫొటోనే కావాలి. నేను ఇవ్వకుండా ఊరికి వెళ్లి ఆయన కూతుర్ని అడిగాను. అది ఎలా తీశానో అప్పుడే మొదటిసారి నోరు విప్పి చెప్పాను. ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "అన్నయ్యా, ఆ ఫొటో చూసినప్పుడల్లా నాన్న అమ్మని తలుచుకుంటున్నాడనే అనుకున్నాను. అది నిజమే కదా. నాకా ఫొటో ఇష్టం. నాన్నకే ఇష్టం లేదు."

దానికి ఏమనాలో నాకు తోచలేదు. ఇప్పటికీ తోచదు. ఆ నెగెటివ్ కవరులో పెట్టి ఆమె చేతికి ఇచ్చేశాను, చెవి దగ్గర నీలం ఉన్నదాంతో పాటు. ఇప్పుడు ఎవరైనా ఆ ఫొటో అడిగితే ఆమె నంబరు ఇవ్వను, నేనే ఫోన్ చేసి అడుగుతాను. ఇప్పటివరకు ఇద్దరికి సరేనంది, ఒకరికి వద్దంది. ఎందుకని అడగలేదు.